రెండు లిపుల్లోనూ వెలిసిపోని బంగారు పేర్లు

పర్లాకిమిడిలో తెలుగువారి ఇంట బిడ్డ పుడితే, పేరు విషయంలో మూడు చోట్ల సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. మొదటిది ఇంట్లోని పెద్దలు. తాత పేరో, ముత్తవ్వ పేరో ఎక్కడో ఒకచోట కలవాలంటారు. రెండవది పంతులుగారు, ఆయన నక్షత్రపాదం చూసి ఒక అక్షరం చెబుతారు. మూడవది బడి, అక్కడ ఆ పేరును ఒడియాలో రాస్తారు, ఒడియాలోనే పిలుస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై ఈ ఊరు అటు చేరిన నాటి నుంచి ఈ మూడవ పరీక్ష మాకు తప్పడం లేదు. పక్కనే ఆంధ్ర వైపు ఉన్న పాతపట్నంలోని మా బంధువులకు ఈ బాధ లేదు కనుక, వారు సూచించే పేర్లు వినడానికి ఎంత బాగున్నా మాకు ఒక్కోసారి పనికిరావు.

మా అక్క కూతురికి ఈ మధ్య ఆడపిల్ల పుట్టింది. "పిన్నీ, ఈ కొత్త కొత్త పేర్లు నాకు వద్దు. అర్థమేమిటని అడిగితే పెట్టినవాళ్లే చెప్పలేకపోతున్నారు. బంగారు రంగో, పొద్దుటి ఎండ రంగో అర్థంగా వచ్చే పేరొకటి చూసి పెట్టు" అని అడిగింది. ఆ పని మీద కూర్చున్నప్పుడు కూడబెట్టిన పేర్లను, వద్దనుకున్నవాటితో సహా, ఇక్కడ రాస్తున్నాను. సరిహద్దుకు ఇటువైపు ఉన్న తెలుగు తల్లిదండ్రులకు కొన్నైనా అక్కరకు రావచ్చు.

సంస్కృతంలో బంగారానికి పేర్ల కరవు లేదు. అమరకోశం పంతొమ్మిది చెబుతుంది. వాటిలో స్వర్ణం, సువర్ణం, కనకం, హిరణ్యం, హేమం, కాంచనం మనుషుల పేర్లుగా స్థిరపడ్డాయి. హాటకం, జాతరూపం, జాంబూనదం, చామీకరం మాత్రం పద్యాలు దాటి బయటికి రాలేదు. చామీకర అని బిడ్డకు పేరు పెట్టే ధైర్యం ఎవరికైనా ఉంటే నాకు సంతోషమే గాని, ఒకటో తరగతిలో చేరిన వారానికే ఆ పిల్ల 'చామీ' అయిపోతుందన్నది కూడా అంతే నిజం. ఈ పట్టికలో మన కళ్ల ముందే ఉండి మనం గుర్తించని పేర్లు రెండున్నాయి. రుక్మం అంటే బంగారం. రుక్మిణి అన్న పేరులో ఆ బంగారమే ఉంది, ఆమె అన్న రుక్మి పేరులోనూ అదే ఉంది. రుక్మిణి అనగానే కృష్ణుడు, ఆమె రాసి పంపిన లేఖ, రథం గుర్తుకు వస్తాయే గాని రంగు గుర్తుకు రాదు. రెండవది గాంగేయం. గాంగేయుడంటే గంగ కొడుకు భీష్ముడనే అందరికీ తెలుసు. అయితే బంగారం పేర్లలో కూడా అది ఒకటి. మగపిల్లవాడికి అరుదైన, అర్థమున్న పేరు కావాలనేవారు ఒకసారి దీని వైపు చూడవచ్చు. కోణార్క ఆలయాన్ని పదమూడవ శతాబ్దంలో కట్టించిన నరసింహదేవుడు తూర్పు గాంగ వంశం వాడు కనుక, కళింగంలో పుట్టిన పిల్లవాడికి ఆ పేరు పరాయిది కూడా కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేర్ల పట్టికల్లో హేమంత్ అన్న పేరుకు 'బంగారు వర్ణం కలవాడు' అని రాస్తున్నారు. హేమంతం ఋతువు పేరు. మార్గశిర, పుష్య మాసాల చలికాలం. వెచ్చని రంగు కోసం వెతికేవారు చలిని తెచ్చుకోవడం విచిత్రంగా ఉంటుంది. పేరు మంచిదే, నాకేమీ అభ్యంతరం లేదు, కాని బంగారం కోసం పెట్టుకునేవారికి హేమచంద్ర, హేమాంగి, హేమలత ఉన్నాయి. హిరణ్య అని ఆడపిల్లలకు పెట్టడం ఈ మధ్య మొదలైంది. వినగానే హిరణ్యకశిపుడు, హిరణ్యాక్షుడు తలపుకు వస్తారని ముసలివాళ్లు గొణగడం సహజం. అదే మాట నుంచి వచ్చిన హిరణ్మయికి ఆ చిక్కు లేదు. శ్రీసూక్తం మొదటి మంత్రంలోనే లక్ష్మిని హిరణ్యవర్ణ అనీ, హరిణి అనీ, హిరణ్మయి అనీ వరుసగా పిలుస్తారు. ఇంట్లో శుక్రవారం పూజ చేసే అవ్వకు ఆ మంత్రం నోటికి వచ్చి ఉంటుంది కనుక, ఆమెను ఒప్పించడం తేలిక. ఆ వరుసలోని హరిణికి కూడా పసిడి ఛాయ గలది అనే అర్థం చెబుతారు. లేడి అన్న అర్థం ఒక్కటే మనకు అలవాటైంది.

ఇవన్నీ పుస్తకాల బంగారం. మన నోటి బంగారం వేరే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పైడిరాజు, పైడయ్య, పైడమ్మ, పైడితల్లి, బంగారయ్య, బంగారమ్మ, బంగార్రాజు అన్న పేర్లు ప్రతి ఊరిలోనూ వినిపిస్తాయి. పైడి అంటే పసిడే. విజయనగరం పైడితల్లి అమ్మవారికి విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవానికి మా వైపు నుంచి కూడా జనం వెళ్తారు. మొక్కుకుని కన్న బిడ్డకు ఆ తల్లి పేరే పెడతారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు చెల్లెలే ఆ అమ్మవారయిందని చెప్పుకుంటారు. కాబట్టి పైడి అన్న రెండు అక్షరాల వెనుక రంగుతోపాటు ఒక ఊరి చరిత్ర కూడా ఉంది. ఇంత ఉన్నా, చదువుకున్న ఇళ్లలో పైడి పేర్లను మోటు పేర్లుగా చూస్తున్నారు. అదే అర్థాన్ని సంస్కృతంలో స్వర్ణ అంటే ముద్దు, తెలుగులో పైడి అంటే మోటు అనడం నాకు నచ్చదు.

నచ్చకపోయినా, ఒడిశా బడిలో పైడికి ఉన్న కష్టాన్ని దాచలేను. ఒడియాలో పైడ అంటే లేత కొబ్బరిబొండం. పైడిరాజు అన్న పేరు హాజరు పట్టీలో చదివిన రోజే తోటి పిల్లలు అతనికి కొబ్బరిబొండం అని పేరు పెట్టేస్తారు. మా వీధిలో పెరిగిన పైడి పేర్ల వాళ్లందరికీ ఈ అనుభవం ఉంది; కొందరు పెద్దయ్యాక తామే నవ్వుతూ చెబుతారు, కొందరు ఇప్పటికీ నవ్వరు. బంగారం అన్న మాటకు ఇటువంటి చిక్కు లేదు గాని, అది ఒడియా చెవికి ఏ అర్థమూ ఇవ్వదు. వారికి బంగారం అంటే సునా. విచిత్రమేమంటే ముద్దు చేసే తీరు మాత్రం రెండు భాషల్లోనూ ఒక్కటే: మనం బంగారు తల్లి, బంగారు తండ్రి అన్నచోట వారు సునా ఝిఅ, సునా పుఅ అంటారు. పూరీలో రథాలు తిరిగివచ్చే బాహుడా యాత్ర తరువాత, ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు రథాల మీదే జగన్నాథుడికి చేసే బంగారు అలంకారాన్ని కూడా సునా వేషం అనే అంటారు.

అసలు కష్టం అర్థంలో కన్నా ఉచ్చారణలోనూ, లిపిలోనూ ఉంది. ఒడియాలో హల్లు మీద ఉన్న అకారాన్ని గుండ్రంగా, ఒకారానికి దగ్గరగా పలుకుతారు. మన కనక అక్కడ కొనొకొ అవుతుంది. వకారం చాలాచోట్ల బకారమవుతుంది: రవి రబి, దివాకరుడు దిబాకరుడు, సవిత సబిత, సువర్ణ సుబర్ణ. సువర్ణరేఖ నదిని వారు సుబర్ణరేఖా అనడం అందరూ విన్నదే. సూర్య అన్నది సూర్జ్య అవుతుంది. అరసవల్లి స్వామి పేరు పెట్టుకున్న సూర్యనారాయణలందరూ ఇక్కడి కాగితాల మీద సూర్జ్యనారాయణలే. వీటిని తప్పులని అనుకోవడానికి వీల్లేదు, అది వారి భాష నడక. అయితే ఇంట్లో ఒక పేరుతోనూ, బడిలో మరొక పేరుతోనూ పెరగడం బిడ్డకు సమ్మతమా కాదా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఆడపిల్లల పేర్ల విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దానిని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. సంస్కృతంలో దీర్ఘంతో ముగిసే స్త్రీల పేర్లను తెలుగులో హ్రస్వం చేసి అరుణ, స్వర్ణ, కాంచన, సువర్ణ అని రాస్తాము. ఒడియాలో ఆ దీర్ఘం అలాగే ఉంటుంది. దీర్ఘం లేకపోతే అది మగపిల్లవాడి పేరని భావిస్తారు. తెలుగులో అరుణ అని రాసిన కాగితం చూసి గుమాస్తా అక్షరానికి అక్షరం ఒడియాలోకి ఎక్కిస్తే, ఆడపిల్ల కాస్తా మగపిల్లవాడవుతుంది. మా పరిచయస్తుల ఇళ్లలో ఒకరిద్దరికి పదో తరగతి ధ్రువపత్రం చేతికి వచ్చాకే ఈ సంగతి తెలిసింది, తరువాత అఫిడవిట్ల చుట్టూ తిరగవలసి వచ్చింది.

పాతతరం వారు ఈ సంగతి తెలిసి చేశారో తెలియక చేశారో గాని, వారు పెట్టిన పేర్లలో దీనికి ఒక పరిష్కారం కనిపిస్తుంది. హేమలత, కనకలత, స్వర్ణలత అన్న పేర్లు ఇటు తెలుగు ఇళ్లలోనూ, అటు ఒడియా ఇళ్లలోనూ సమానంగా ఉన్నాయి. చివర లత ఉండడం వల్ల, దీర్ఘం రాసినా రాయకపోయినా అది ఆడపిల్ల పేరని ఎవరికైనా తెలిసిపోతుంది. మా తరంలో లతలు మరీ ఎక్కువైపోయి, ఒకే తరగతిలో ముగ్గురు హేమలతలు ఉండేవారు కనుక, ఇప్పటివారికి అవి రుచించకపోవచ్చు. అటువంటివారికి నేను చెప్పే మార్గం, ఇకారంతో ముగిసే పేర్లను చూసుకోమని. గౌరి, రోహిణి, హరిణి, రుక్మిణి, తపతి, హిరణ్మయి: వీటి చివరి అచ్చు రెండు భాషల్లోనూ ఒకే తీరుగా నిలుస్తుంది, ఆడ మగ తికమక ఉండదు, వకారం లేదు కనుక బకారమయ్యే ప్రమాదమూ లేదు.

ఈ వరుసలో గౌరిని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలని ఉంది. గౌరి అంటే తెల్లనిది అని మాత్రమే అనుకుంటాము. అమరకోశం గౌర శబ్దాన్ని తెలుపు పేర్లలోనూ చెప్పింది, పసుపు పేర్లలోనూ చెప్పింది. పసుపుకొమ్ము కాంతి కలది అని అక్కడ అర్థం. మన ఆడవాళ్లు ఏ నిఘంటువూ చూడకుండానే ఆ రెండవ అర్థాన్ని పట్టుకున్నారు. పెళ్లయినా, నోమైనా పసుపు ముద్దను గౌరమ్మగా నిలిపి పూజ మొదలుపెడతారు. ఒంటి తెలుపును పొగిడే పేరు బిడ్డకు పెట్టడానికి ఇష్టపడని తల్లులు ఈ రోజుల్లో ఉన్నారు, వారి ఆలోచన సరైనదే. గౌరిని పసుపు పేరుగా తీసుకుంటే ఆ అభ్యంతరం ఉండదు. పైగా మా జిల్లాకు పొరుగున ఉన్న కంధమాల్ కొండల పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంతంలో పుట్టిన పిల్లకు పసుపు పేరు అన్నివిధాలా తగినదే.

రోహిణి ఎరుపు కలసిన వెచ్చని రంగు పేరు. ఆకాశంలో ఆ నక్షత్రాన్ని చూసినవారికి అది నారింజ ఛాయలో ఉంటుందని తెలుసు, పేరు ఊరికే రాలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఉండనే ఉంది కనుక వెచ్చదనానికి కూడా లోటు లేదు, కొంచెం ఎక్కువేనేమో. తపతి సూర్యుని కూతురు, సంవరణుని భార్య, కురువు తల్లి. భారతకథలో ఇంత ముఖ్యమైన స్థానం ఉన్నా ఆ పేరు పెట్టుకున్నవారు మన వైపు తక్కువే. కపిల, పింగళ అన్నవి గోరోజనం, రాగి, తేనె కలిసిన ఛాయలకు చెందిన మాటలు. పింగళి అని ఇంటిపేరున్నా, పింగళ అని బిడ్డకు పేరు పెట్టేవారు కనబడరు. పాముల తల్లి కద్రువ పేరు కూడా ఈ ఛాయదేనని చెబితే మా అక్క కూతురు చెవులు మూసుకుంది.

మగపిల్లల పేర్లను తొందరగా ముగిస్తాను. అరుణ్ రెండు వైపులా సుఖంగా నడుస్తుంది. అరుణుడు వినత కొడుకు, గరుత్మంతునికి అన్న, సూర్యుని సారథి. తల్లి తొందరపడి గుడ్డు పగలగొట్టడం వల్ల తొడలు లేకుండా పుట్టాడని చెబుతారు. ఆ కథ విని వెనుకాడేవారు ఉంటారు, నా మటుకు ఆ కథ వల్ల పేరుకు వచ్చిన లోపమేమీ కనబడదు. కేసరి అంటే జూలు కలది, సింహం. పువ్వులోని కేసరాల రంగు కూడా ఆ మాటలో ఉంది. టంగుటూరి ప్రకాశం గారు ఆంధ్రకేసరి అయినట్టే, హరేకృష్ణ మహతాబ్ గారు ఉత్కళకేసరి. ఈ బిరుదు రెండు రాష్ట్రాలకూ సొంతమైనదే. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పీతాంబరం. పసుపుపచ్చని పట్టు కట్టినవాడని అర్థం. ఒడియా ఇళ్లలో పీతాంబర అన్న పేరు ఇప్పటికీ సాధారణం, మన ఇళ్లలో మాత్రం తాతలతోనే ఆగిపోయింది. గుడి గోపురాల అంచుతో బరంపురంలో నేసే పట్టుచీరకు, మగవారి పట్టుబట్టల జోడుకు దేశమంతటా పేరున్న ఈ ప్రాంతంలో పట్టు పేరు ఆగిపోవడం బాగాలేదు.

నక్షత్రం అక్షరం పాటించేవారికి కొన్ని సూచనలు చేయవచ్చు. పుష్యమి రెండవ పాదానికి హే కనుక హేమ పేర్లన్నీ అక్కడికి వస్తాయి. పునర్వసు నాలుగవ పాదానికి హి, అంటే హిరణ్మయి. మృగశిర మూడవ పాదంలో కా ఉంది కనుక కనక, కాంచన పెట్టవచ్చు. శతభిషం నాలుగవ పాదం సువర్ణకు, ఉత్తర ఫల్గుణి నాలుగవ పాదం పీతాంబరానికి, పింగళకు కుదురుతాయి. కృత్తిక మొదటి పాదానికి అ కనుక అరుణ వస్తుంది; కృత్తికకు అధిదేవత అగ్ని కావడం వల్ల ఆ జోడింపు మరీ అందంగా ఉంది. అక్షరం కుదరనివారు జాతకనామం వేరుగా పెట్టుకుని, పిలిచే పేరు తమ ఇష్టప్రకారం పెట్టుకోవడం మా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది.

మనకు బారసాల చాలా ఇళ్లలో ఇరవయ్యొకటో రోజున జరుగుతుంది. ఒడియావారి ఏకోఇశియా కూడా అదే రోజు. పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాయడం మన పద్ధతి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కూడా పుట్టుకను తెలపడానికి 21 రోజులే గడువు పెట్టింది. అయితే పేరు ఖరారు కాలేదని నమోదు ఆపవలసిన అవసరం లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాది లోపల రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ రోజున గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఓటు, లైసెన్సు, పెళ్లి నమోదు, ప్రభుత్వోద్యోగం దాకా పుట్టిన తేదీకీ చోటుకీ ఈ ధ్రువపత్రమే ఆధారం. కనుక పేరులోని ప్రతి అక్షరాన్నీ రెండు లిపులు తెలిసిన మనిషి చేత ఒకసారి చదివించుకున్న తరువాతే దరఖాస్తు ఇవ్వడం మంచిది.

మా అక్క మనుమరాలు పుట్టింది పునర్వసు నాలుగవ పాదంలో. హిరణ్మయి అన్నదానికి పంతులుగారు సరే అన్నారు, అవ్వ సరే అంది, పక్కింటి ఒడియా మాస్టారు కాగితం మీద రాసి చూసి సరే అన్నారు. ఇప్పుడు మిగిలిన తగువు ఇంగ్లీషు అక్షరాలది. లత అని రాయడానికి ఆంధ్రావారు తకారానికి టి పక్కన హెచ్ పెడతారు, ఒడిశావారు పెట్టరు. అలాగే ఈకారంతో ముగిసే పేర్లకు ఇక్కడివారు రెండు 'ఇ'లు రాయడానికి ఇష్టపడతారు, మనవారు ఒక్క 'ఐ'తో సరిపెడతారు. పాపకు తండ్రి రెండు 'ఇ'లు కావాలంటున్నాడు, తల్లి ఒక్క 'ఐ' చాలంటోంది, దరఖాస్తు ఇంకా మా ఇంట్లో బల్ల మీదే ఉంది.